పదం ఎక్కడ ముగుస్తుంది? పదనిర్మాణం, వాక్యనిర్మాణాల మధ్య సరిహద్దు చరిత్ర

‘రేపు వస్తానన్నాడు, రాలేదు.’

రోజూ వినే వాక్యమే. అచ్చులో చూస్తే ఇందులో మూడు పదాలున్నాయి. కానీ రెండోదాన్ని విప్పితే ‘వస్తాను’, ‘అన్నాడు’ అని రెండు సమాపక క్రియలు బయటపడతాయి. మొదటిదానికి కర్త ‘నేను’, రెండోదానికి ‘అతడు’. ఒక పదంగా అచ్చయిన దానిలో రెండు వాక్యాల క్రియలు ఇమిడి ఉన్నాయన్నమాట. మూడో పదం సంగతి వేరు. ‘రాలేదు’ ఒకే పదమనుకుంటాం. నొక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం దాన్ని నడిమికి చీల్చి ‘రానే లేదు’ అంటాం. ‘వస్తున్నాడు’ కూడా అంతే, ‘వస్తూనే ఉన్నాడు’ అవుతుంది. మామూలుగా పదం మధ్యలో ఇంకో మాట దూరదు. ‘పుస్తకం’ అనే మాటకు ‘ఏ’ చేర్చాలంటే చివరే చేర్చాలి. మరి ‘రాలేదు’ను పదమనాలా, పదబంధమనాలా?

కిందటి పాఠాల్లో పదాంశాలు కలిసి పదమయ్యే తీరు చదివారు. పదాలు కలిసి వాక్యమయ్యే తీరు రాబోయే పాఠాల్లో వస్తుంది. మొదటిది పదనిర్మాణం, రెండోది వాక్యనిర్మాణం. ఈ రెండింటి మధ్య గోడ ఒకటుందని, అది భాషలో సహజంగానే ఉందని పాఠ్యపుస్తకాల అమరిక చూస్తే అనిపిస్తుంది. అయితే భాషాశాస్త్ర చరిత్రలో ఈ గోడ ఒకచోట నిలిచింది లేదు. ఒక తరం కట్టింది, మరో తరం కూల్చింది, ఇంకో తరం జరిపి కట్టింది. దీన్ని పండితుల కీచులాటగా కొట్టిపారేయలేం. గోడ ఎక్కడుందన్న దాన్ని బట్టే తెలుగు వంటి భాషలో వాక్యనిర్మాణం ఉన్నట్టో లేనట్టో కనిపిస్తుంది. అందుకే ఈ పాఠంలో సిద్ధాంతాల కంటే వాటి వెనుక ఉన్న ఉదాహరణల మీద ఎక్కువ దృష్టి పెడదాం.

సంపన్నుడు ఎవరు?

పాణిని పదాన్ని నిర్వచించిన తీరు చాలా సూటిగా ఉంటుంది. నామాలకు చేరే సుప్ ప్రత్యయాలు గానీ, క్రియలకు చేరే తిఙ్ ప్రత్యయాలు గానీ చివర ఉన్నదే పదం. అర్థం ప్రసక్తి లేదు, విడిగా పలకగలమా లేదా అన్న విచారణా లేదు. ప్రత్యయం చేరితే పదమైంది, అంతే. ఇంత సూటి నిర్వచనం ఇచ్చిన పాణినే మరో సూత్రంలో, కొన్ని ప్రత్యయాల ముందు ఉన్న ప్రాతిపదికకు కూడా పదమనే పేరు పెట్టాడు. ‘మనస్’కు ‘భిస్’ చేరితే ‘మనోభిః’ అవుతుంది. ‘మనోహరం’లో రెండు మాటల మధ్య జరిగిన సంధికార్యమే ఇక్కడ ఒక మాట లోపల జరిగింది. ఆ కార్యం జరగాలంటే ‘మనస్’ను అంతవరకు పదమనుకోవాలి. కాబట్టి పదం లోపల పదం! పాణినికి పదమంటే ఏదో ప్రకృతి సత్యం కాదని, కొన్ని కార్యాలు జరపడానికి పెట్టుకున్న సంజ్ఞ అని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అసలు చిక్కు సమాసాల దగ్గర వచ్చింది. సమాసంలో రెండు పదాలుంటాయి, వాటి మధ్య సంబంధం వాక్యంలోని పదాల సంబంధం వంటిదే. అయినా సమాసం ఒకే పదం. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పతంజలి మహాభాష్యంలో దీన్ని చాలా దూరం చర్చించాడు. ‘రాజు యొక్క పురుషుడు’ అన్న అర్థంలో ‘రాజపురుషుడు’ అనే సమాసం ఉంది. రాజు సంపన్నుడని చెప్పాలనుకుందాం. విడి పదాలుగా ఉంటే ‘సంపన్నుడైన రాజు యొక్క పురుషుడు’ అనవచ్చు. సమాసం చేశాక ఆ విశేషణం రాజుకు అన్వయించదు. ‘సంపన్నుడైన రాజపురుషుడు’ అంటే సంపద రాజోద్యోగిదే అవుతుంది. సమాసంలోకి వెళ్ళిన ‘రాజు’ బయటి మాటలతో సంబంధం తెంచుకుంది. విడి పదాలు తమ అర్థాలు నిలుపుకుంటూ ఒకదాన్నొకటి ఆశించడం ఒక రకం, కలిసిపోయి ఒకే అర్థంగా మారడం మరో రకం అని వ్యాకర్తలు ఈ తేడాను వివరించారు.

తెలుగులో పరీక్షించి చూడండి. ‘మంచి వంటిల్లు’ అంటే మంచిది ఇల్లే గాని వంట కాదు. వంట మంచిదని చెప్పాలంటే ‘మంచి వంట చేసే ఇల్లు’ అని సమాసాన్ని విప్పక తప్పదు.

అయితే పతంజలి అక్కడితో ఆగిపోలేదు. ‘దేవదత్తుడి గురుకులం’ అనే ప్రయోగాన్ని తనే ముందుకు తెచ్చాడు. గురుకులమంటే గురువు ఇల్లు. ‘దేవదత్తుడి’ అన్న మాట అన్వయించేది కులానికి కాదు, సమాసం లోపల ఉన్న గురువుకు. నియమం ప్రకారం ఇది పొసగకూడదు, కానీ అందరికీ అర్థమవుతుంది. అర్థం తెలుస్తోంది గనుక ఒప్పుకోవాలన్నది పతంజలి సమాధానం. ‘గురువు’ లాంటి మాట ఎప్పుడూ ‘ఎవరి?’ అన్న ప్రశ్నను వెంటబెట్టుకునే ఉంటుంది, అందుకే సమాసంలోకి వెళ్ళినా ఆ ఆశ తీరలేదని తరవాతి వ్యాఖ్యాతలు వివరించారు. తెలుగులో ‘ఎండిన చెరువుగట్టు’ అంటే ఎండింది చెరువేనని ఎవరైనా గ్రహిస్తారు. గట్టు ఎండిందని అనుకోరు. నియమం, దానికి అపవాదం, రెండూ ఒకే చర్చలో రెండువేల ఏళ్ళ కిందటే ఉన్నాయి. 20వ శతాబ్దపు వివాదంలో మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చేది ఈ రాజపురుషుడూ, ఈ దేవదత్తుడూనే. పేర్లే మారాయి.

క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందిన భర్తృహరి ప్రశ్నను మరో కొస నుంచి పట్టుకున్నాడు. వాక్యపదీయంలో ఆయన చెప్పినదాని ప్రకారం నిజమైనది అఖండమైన వాక్యమే. పదంలోంచి ప్రకృతినీ ప్రత్యయాన్నీ బోధన కోసం విడదీసినట్టే, వాక్యంలోంచి పదాలనూ విడదీస్తాం. రెండూ వ్యాకర్త చేసే పనులే. అంటే పదానికి లోపల గీసే గీతా, పదానికీ పదానికీ మధ్య గీసే గీతా ఒకే జాతివి. ఇంత దూరం ఆలోచించిన తరవాత కూడా పాఠశాలల్లో నిలిచింది పాణిని ప్రక్రియే. అది సహజం. అఖండమైనదాన్ని నేర్పడం కష్టం.

బాలవ్యాకరణంలో వాక్యం లేదా?

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకాలు అని అందులో పది పరిచ్ఛేదాలు. వాక్యానికంటూ పరిచ్ఛేదం లేదు. ఇది పట్టుకుని చిన్నయసూరి వాక్యాన్ని పట్టించుకోలేదని చాలామంది విమర్శించారు. లాటిన్ నమూనాలో రాసిన యూరపు వ్యాకరణాలు వర్ణాలు, పదరూపాలు, వాక్యనిర్మాణం, ఛందస్సు అని విడివిడిగా భాగాలు చేసుకుంటాయి. ఆ చట్రానికి అలవాటుపడ్డ కంటికి బాలవ్యాకరణంలో ఒక గది ఖాళీగా కనిపించడంలో వింత లేదు.

కానీ తెలుగు వాక్యాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో చూడండి. ‘వర్షం పడితే పొలానికి వెళ్ళను’ అన్నప్పుడు మొదటి ఉపవాక్యాన్ని షరతుగా మార్చింది ‘తే’ అనే ప్రత్యయం. ఇంగ్లీషులో ఈ పని ‘ఇఫ్’ అనే విడి పదం చేస్తుంది. అది క్రియకు అంటుకోదు, ఉపవాక్యం మొదట్లో నిలబడుతుంది. ‘తిని పడుకున్నాడు’లో రెండు పనుల వరస చెప్పేది ‘ఇ’. ‘నిన్న ఊరి నుంచి వచ్చిన అబ్బాయి’లో ఒక వాక్యాన్నంతా విశేషణంగా మార్చి అబ్బాయికి తగిలించింది ‘ఇన’. ఇవన్నీ క్రియకు చేరే ప్రత్యయాలు. కాబట్టి చిన్నయసూరి వీటిని చేదర్థకం, క్త్వార్థకం, ధాతుజవిశేషణం అనే పేర్లతో క్రియకు సంబంధించిన భాగంలో చెప్పాడు. పేరుకు పదనిర్మాణం, పనికి వాక్యనిర్మాణం. కర్త, కర్మ, కరణాల సంగతి కారక పరిచ్ఛేదంలో వచ్చేసింది. గది ఖాళీగా లేదు. సామాను పక్క గదిలో ఉంది.

ఆయన చెప్పనివీ చాలా ఉన్నాయి. మాటల వరస ఎలా ఉండాలి, ఏ ఉపవాక్యంలో కర్తను వదిలేయవచ్చు, ‘తిని పడుకున్నాడు’లో తిన్నవాడూ పడుకున్నవాడూ ఒకరే ఎందుకు కావాలి వంటివి రూపాల పట్టికలో దొరకవు. కనుక విమర్శ పూర్తిగా తప్పని నేననను. కానీ ‘వాక్యం లేదు’ అనడం మాత్రం గోడ ఎక్కడుందో చూడకుండా ఇల్లు కొలవడం లాంటిది.

పతంజలి నియమాన్ని ఒకసారి ఇక్కడికి తెద్దాం. ‘నిన్న ఊరి నుంచి వచ్చినవాడు’ అంటాం. ‘వచ్చినవాడు’ ఒక పదంగా రాస్తాం, దానికి బహువచనం చేస్తాం, విభక్తులు చేరుస్తాం. అయితే ‘నిన్న’ దేనికి అన్వయిస్తుంది? వాడికి కాదు, లోపలున్న రావడానికి. రాజపురుషుడికి చెల్లనిది వచ్చినవాడికి చెల్లింది. ‘వాడు’ విడిగా కూడా వాడే సర్వనామమే కాబట్టి ‘వచ్చిన వాడు’ రెండు పదాలనవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ సమాధానం చాలని ఉదాహరణ కాసేపట్లో చూద్దాం.

గ్రీకుల నుంచి హారిస్ దాకా

పాశ్చాత్య సంప్రదాయంలో పదానికి మొదటినుంచీ పెద్దపీట. డయొనీసియస్ థ్రాక్స్ పేరుతో ప్రసిద్ధమైన గ్రీకు వ్యాకరణంలో పదం వాక్యంలోని అత్యల్ప భాగం. దానికంటే చిన్నవాటికి ధ్వనుల స్థాయే తప్ప వ్యాకరణ స్థాయి లేదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అపొలోనియస్ డిస్కోలస్ వాక్యనిర్మాణం మీద గ్రంథం రాసినా పదాన్ని కోసి చూడలేదు. లాటిన్ బోధనలోనూ విద్యార్థులు పూర్తి రూపాల పట్టికలు వల్లించేవారు. ప్రకృతి, ప్రత్యయం అనే విభజన యూరపులో స్థిరపడింది సంస్కృత వ్యాకరణం వారికి పరిచయమైన తరవాతే. పదనిర్మాణానికి ‘మార్ఫాలజీ’ అనే పేరు ఇంకా తరవాతిది. జీవరూపాల అధ్యయనం కోసం గోథె వాడిన ఆ మాటను భాషకు తెచ్చినవాడు జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైషర్, 1859లో.

అమెరికాలో ఆదివాసీ భాషల అధ్యయనం మొదలయ్యాక ఈ పద్ధతి ఇరుకైంది. ఎడ్వర్డ్ సపీర్ 1921 నాటి తన పుస్తకంలో పయూట్ భాష నుంచి ఒక పదం చూపించాడు. కూర్చుని నల్లావును కత్తితో కోయబోయేవాళ్ళు అన్నంత అర్థం ఆ ఒక్క పదంలో ఉంది. (తెలుగువాడికి ఇది మరీ అంత విడ్డూరంగా తోచకపోవచ్చు. ‘కోయబోయేవాళ్ళు’ దాకా మనం కూడా ఒక్క మాటే రాస్తాం.) అయినా సపీర్‌కు పదం మీద నమ్మకం పోలేదు. రాత తెలియని వక్తలు కూడా తమ వాక్యాలను పదాలుగా విడదీసి చెప్పగలరని ఆయన తన అనుభవం నుంచి రాశాడు.

లియొనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్‌కు అలాంటి మానసిక సాక్ష్యం చాలలేదు. ఆయన 1926లోనూ, మళ్ళీ 1933 నాటి ‘లాంగ్వేజ్’ గ్రంథంలోనూ పదానికి ఒక పరీక్ష పెట్టాడు. విడిగా ఉచ్చరించగలిగిన రూపాల్లో, ఇంకా చిన్న స్వేచ్ఛారూపాలుగా పూర్తిగా విడిపోనిదే పదం. ‘ఎవరికి?’ అన్న ప్రశ్నకు ‘రాముడికి’ అని జవాబివ్వవచ్చు, ‘కి’ అని ఇవ్వలేం. కనుక ‘రాముడికి’ పదం, ‘కి’ పదాంశం. పాణినిని ఎంతో గౌరవించిన బ్లూమ్‌ఫీల్డ్ పదం దగ్గర మాత్రం ఆయన దారి పట్టలేదు. పాణినిది ప్రత్యయ నిర్వచనం, బ్లూమ్‌ఫీల్డ్‌ది ఉచ్చారణ నిర్వచనం. ఇది చదివిన వెంటనే ఇంగ్లీషు ‘ద’ సంగతేమిటన్న సందేహం వస్తుంది. ఆ మాటను విడిగా ఎవరూ పలకరు, కానీ పదం కాదని ఎవరూ అనరు. బ్లూమ్‌ఫీల్డ్ కూడా దాన్ని గమనించి సర్దుబాటు చేయాల్సి వచ్చింది.

జెలిగ్ హారిస్ ఆ సర్దుబాట్ల జోలికే పోలేదు. 1946లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ఆయన రాసిన వ్యాసం పేరులోనే పదాంశం నుంచి ఉక్తి దాకా అని ఉంది. మధ్యలో పదం లేదు! ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూసే ఒకే పద్ధతితో పదాంశాలను వరసగా కలుపుకుంటూ పోతే ఉక్తి వస్తుందని ఆయన చూపించాడు. హారిస్ శిష్యుల్లో ఒకరు నోమ్ చామ్‌స్కీ.

‘నీ రాక’, ‘నువ్వు రావడం’

చామ్‌స్కీ 1957లో ప్రచురించిన ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’లో గోడ దాదాపు లేదు. ఇంగ్లీషులో ‘హాజ్ బీన్ రీడింగ్’ వంటి క్రియలో ఒక చిత్రముంది. ‘హావ్’ వస్తే దాని తరవాతి మాటకు ఒక ప్రత్యయం తప్పనిసరి. ‘బీ’ వస్తే దాని తరవాతి మాటకు ‘ఇంగ్’ తప్పనిసరి. అర్థరీత్యా జంటగా ఉండవలసినవి పక్కపక్క మాటల మీద పంచుకుని కూర్చున్నాయి. చామ్‌స్కీ వాటిని మూలంలో జంటలుగానే ఉంచి, ఒక సూత్రంతో ప్రత్యయాలను పక్క క్రియ మీదికి దూకించాడు. పదానికి హద్దుగీత పడేది ఆ గెంతు అయిపోయిన తరవాతే. ఇక్కడ పదం వాక్యనిర్మాణానికి ముడిసరుకు కాదు. వాక్యనిర్మాణం చేసిన పనికి ఫలితం.

ఆ ఊపులో 1960లో రాబర్ట్ లీజ్ ఇంగ్లీషు నామ్నీకరణాలను, సమాసాలను కూడా వాక్యాల నుంచి పరివర్తనలతో రాబట్టాడు. ఆ దశకం చివరికి ఉత్పాదక అర్థవాదులు ఇంకా ముందుకు పోయారు. ‘చంపు’ వంటి ఒక్క మాటను కూడా ‘బతికి లేకుండా అయ్యేట్టు చేయు’ అనే వాక్యం నుంచి పుట్టించవచ్చన్నారు. గోడ పూర్తిగా పోయింది.

మళ్ళీ కట్టింది చామ్‌స్కీయే. నామ్నీకరణం మీద 1970లో వెలువడిన ఆయన వ్యాసం ఈ చరిత్రలో మలుపు. ఆయన చూపింది ఇంగ్లీషు తేడాను. మనం అదే తేడాను తెలుగులో ఇంకా తేటగా చూడవచ్చు.

‘నువ్వు నిన్న ఆలస్యంగా రావడం నాకు నచ్చలేదు.’ ఇందులో ‘రావడం’ నామమే, ‘నచ్చలేదు’కు కర్త. కానీ దాని లోపల క్రియ బతికే ఉంది. ‘నువ్వు’ అని ప్రథమావిభక్తిలో కర్త ఉంది, ‘నిన్న’ ఉంది, ‘ఆలస్యంగా’ అనే క్రియావిశేషణం ఉంది. ఇప్పుడు ‘రాక’ తీసుకోండి. ‘నీ రాక నాకు నచ్చలేదు’ అనాలి. ‘నువ్వు’ కుదరదు, ‘నీ’ కావాలి. ‘నీ నిన్న ఆలస్యంగా రాక’ అని ఎవరూ అనరు. (‘నువ్వు రాక పని ఆగిపోయింది’ అన్నప్పటి ‘రాక’ వ్యతిరేకార్థక క్రియారూపం. అది వేరే మాట, పొరబడకండి.)

ఇంకో తేడా ఉంది. ‘అడం’ ఏ ధాతువుకైనా చేరుతుంది: రావడం, నడవడం, కోయడం, మేయడం, తినడం, చూడడం, వెళ్ళడం. రెండో రకం అలా కాదు. రాక, నడక, కోత, మేత, తిండి, చూపు అని ఒక్కోదానిది ఒక్కో తీరు. ‘వెళ్ళు’కు అలాంటి నామం వాడుకలోనే లేదు. అర్థాల సంగతీ అంతే. ‘కోయడం’ అంటే కోయడమే. ‘కోత’ పంట కోత కావచ్చు, కరెంటు కోత కావచ్చు, కడుపుకోత కావచ్చు. ‘తిండి’ తినే పని కంటే తినే పదార్థాన్నే ఎక్కువ చెబుతుంది. ఇలా ఒక్కో మాటకూ గుర్తుపెట్టుకోవలసింది పదకోశానికి చెందాలి, అన్నింటికీ ఒకే తీరుగా వర్తించేది వాక్యనిర్మాణానికి చెందాలి అన్నదే 1970 వాదం సారాంశం. మొదటి రకాన్ని వాక్యం నుంచి పుట్టించవచ్చు, రెండో రకాన్ని పుట్టించకూడదు.

ముందు వాయిదా వేసిన సందేహానికి ఇక్కడ సమాధానం దొరుకుతుంది. ‘వచ్చినవాడు’ను రెండు పదాలని తప్పించుకోవచ్చు. ‘అడం’ను అలా విడదీయలేం, అది విడిగా నిలిచే మాట కాదు. బ్లూమ్‌ఫీల్డ్ పరీక్షలో ‘రావడం’ ఒకే పదం. అయినా ‘నిన్న’, ‘ఆలస్యంగా’ దాని లోపలికి చూస్తున్నాయి.

గోడ కట్టినవారు, కూల్చినవారు

1970 తరవాత పదనిర్మాణానికి స్వతంత్రమైన చోటు కావాలన్న పని జోరందుకుంది. మారిస్ హాలీ 1973లో పదనిర్మాణ సిద్ధాంతానికి ప్రస్తావన రాశాడు. మార్క్ ఆరొనాఫ్ 1976 నాటి పుస్తకంలో కొత్త మాటలు పదాంశాల నుంచి కాక, ఉన్న మాటల నుంచే పుడతాయని వాదించాడు. స్టీవెన్ లాపాయింట్ 1980 నాటి పరిశోధనలో వాక్యనిర్మాణ సూత్రం ఏదీ పదం లోపలి భాగాలను తాకకూడదన్న నియమాన్ని స్పష్టంగా పెట్టాడు. దీన్ని పద అఖండత అనుకోవచ్చు. రాజపురుషుడి గురించి మహాభాష్యం చెప్పిన దానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చెప్పనక్కరలేదు.

ఈ పక్షంలోనే ఒక మధ్యేమార్గం స్టీఫెన్ ఆండర్సన్ 1982లో చూపించాడు. కొత్త మాటలు పుట్టించే ప్రత్యయాలు పదకోశంలోనే ఉండనివ్వండి. వచనం, విభక్తి, కాలం, పురుష వంటివి మాత్రం వాక్యనిర్మాణంతో సంబంధం ఉన్నవి, వాటి లెక్క వేరని ఆయన వాదం. ‘వాడు వచ్చాడు, ఆమె వచ్చింది’ అన్నప్పుడు ‘డు’, ‘ది’ ఏది రావాలో క్రియ తనంతట తాను తేల్చుకోలేదు, కర్త చెప్పాలి. ఇది కాదనలేని మాట. అయితే రెండు రకాల ప్రత్యయాల మధ్య కొత్త గోడ ఒకటి కట్టాల్సి వచ్చింది. ‘అడం’ ఎటు పడుతుంది? క్రియను నామం చేస్తుంది గనుక మాటలు పుట్టించే ప్రత్యయం. ప్రతి క్రియకూ చేరి, లోపల వాక్యాన్ని బతికించి ఉంచుతుంది గనుక వాక్యనిర్మాణానికి చెందిన ప్రత్యయం.

మార్క్ బేకర్ 1985లోనూ, 1988 నాటి పుస్తకంలోనూ గోడకు అవతలి వైపు నుంచి వచ్చాడు. పదంలో ప్రత్యయాల వరస వాక్యనిర్మాణంలో జరిగే కార్యాల వరసకు అద్దం పడుతుందన్నాడు. ‘కొట్టించుకున్నాడు’ చూడండి. ముందు కొట్టడం, తరవాత మరొకరి చేత చేయించడం, ఆపైన అది తనకే జరగడం, చివర కాలం, పురుష. వరస తారుమారైతే మాట కాదు. బేకర్ ప్రధానంగా ఆధారపడిన వాటిలో మోహాక్ వంటి ఇరోక్వాయన్ భాషలున్నాయి. వాటిలో ‘ఇల్లు’ అనే నామం క్రియాపదం లోపలికి వెళ్ళిపోతుంది. దాన్ని నిర్దేశించే ‘ఆ’ మాత్రం బయట మిగిలిపోతుంది. ఆ ఇల్లు తెల్లగా ఉందన్నప్పుడు ఇల్లు క్రియ లోపల, ‘ఆ’ బయట. ఇది దేవదత్తుడి గురుకులమే. నియమానికి అపవాదంగా పతంజలి ఒప్పుకున్నది ఇక్కడ వ్యాకరణంలో మామూలు పద్ధతి.

1993లో మారిస్ హాలీ, అలెక్ మరాంట్జ్ కలిసి పదకోశం అనే ప్రత్యేక కార్యశాలనే తీసేశారు. పదాంశాలను కూర్చే పని కూడా వాక్యనిర్మాణమే చేస్తుంది, పదరూపం చివర వచ్చి చేరుతుందన్నారు. 1973లో గోడకు పునాది వేసినవారిలో ఒకడైన హాలీయే ఇరవై ఏళ్ళకు దాన్ని తీసేసిన వారిలోనూ ఉండటం గమనించదగ్గది. మరోవైపు జోన్ బ్రెస్నన్, శామ్ మ్‌చోంబో 1995లో బంటూ భాషల ఆధారంగా పద అఖండత నిలుస్తుందని గట్టిగా సమర్థించారు. వివాదం ఇప్పటికీ తెగలేదు.

గోడ ఒకటేనా?

ఈ వివాదంలో నాకు అన్నింటికంటే ఉపయోగకరంగా తోచింది ఒక చిన్న వ్యాసం. ఆర్నాల్డ్ జ్విక్కీ, జెఫ్రీ పులమ్ 1983లో ఇంగ్లీషు ‘డోంట్’, ‘కాంట్’ల చివరి నిషేధార్థక అంశం ప్రత్యయమా, లేక పక్క మాటకు అంటుకున్న పదమా అని అడిగారు. తేల్చడానికి కొన్ని పరీక్షలు పెట్టారు. అలా అంటుకునే పదాన్ని క్లిటిక్ అంటారు, మనం అంటుమాట అందాం.

ఆ పరీక్షలు తెలుగుకు పెడదాం. ‘కి’ నామాలకే చేరుతుంది, చేరేటప్పుడు ఆధారాన్ని మారుస్తుంది: ఇల్లు, ఇంటికి, చేయి, చేతికి, నేను, నాకు. ప్రశ్నార్థక ‘ఆ’ దేనికైనా అంటుకుంటుంది: ‘రాముడా వచ్చింది?’, ‘నిన్ననా వచ్చింది?’, ‘వచ్చాడా?’ ఎక్కడా ఆధారాన్ని మార్చదు, ‘ఇల్లా?’ అంటామే గాని ‘ఇంటా?’ అనం. కనుక ‘కి’ ప్రత్యయం, ‘ఆ’ అంటుమాట. రెండూ రాతలో ఒకే రకంగా పదం చివర కలిసిపోయి ఉన్నా వాటి స్వభావం వేరు.

అయితే పత్రికల తెలుగు చూస్తే ఈ తీర్పు కూడా కొంచెం కదులుతుంది. మాట్లాడేటప్పుడు ‘రైతులకూ కూలీలకూ సాయం’ అంటాం. శీర్షికల్లో ‘రైతులు, కూలీలకు సాయం’ అని వస్తుంది. ఒకే ‘కు’ రెండు నామాల గుంపు మొత్తానికి చేరింది. ప్రత్యయం పదానికి చెందుతుందన్న మాట ఇక్కడ తడబడింది. కానీ ‘ఊరు, ఇంటికి వెళ్ళాను’ అనడం వినబడదు. ఆధారం మారని చోట ‘కు’ గుంపుకు చేరడానికి సిద్ధంగా ఉంది, మారే చోట లేదు. మీ ఊళ్ళో వచ్చే ఏ దినపత్రిక తీసుకున్నా ఒక్క పేజీలో ఇలాంటి ప్రయోగాలు కొన్ని దొరుకుతాయి, ఏరి చూడండి.

మార్టిన్ హాస్పెల్‌మాత్ 2011లో పదాన్ని గుర్తించడానికి వాడే పది ప్రమాణాలను వరసగా పరిశీలించాడు. విరామం, విడిగా నిలవడం, మధ్యలో మరొకటి దూరకపోవడం, ఆధారాన్ని ఎంచుకోవడం వంటివి అందులో ఉన్నాయి. ఏ ఒక్కటీ అన్ని భాషల్లో పనిచేయదని, కొన్నింటిని కలిపినా ఒకే చోట గీత పడదని ఆయన నిర్ణయం. కనుక పదనిర్మాణం, వాక్యనిర్మాణం అనే విభజనకే గట్టి ఆధారం లేదన్నాడు. నేను అంత దూరం పోను. ‘రాక’కూ ‘రావడం’కూ ఉన్న తేడా నిజం, ‘కి’కీ ‘ఆ’కూ ఉన్న తేడా నిజం. కాకపోతే అవి రెండూ ఒకే గోడకు రెండు రాళ్ళు కావు, రెండు వేర్వేరు గోడలు. ఉచ్చారణలో పదం ఒకటి, వాక్యంలో పదం ఒకటి, గుర్తుపెట్టుకోవలసిన పదం ఒకటి. ఇంగ్లీషులో ఈ మూడూ చాలావరకు ఒకదానిమీద ఒకటి పడతాయి. తెలుగులో తరచుగా పడవు.

తెలుగును ఉత్పాదక వ్యాకరణ దృష్టితో చూసిన చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది. ఈ రెండింటిలోనూ క్రియాప్రత్యయాలు చేసే పనిని వాక్యం వైపు నుంచి చూడటం కనిపిస్తుంది. బాలవ్యాకరణంతో పక్కపక్కన పెట్టి చదివితే ఒకే సామాను గది మారిన తీరు మీకే తెలుస్తుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకూ తప్పడం లేదు. ప్రపంచ భాషల వాక్యాలను ఒకే పద్ధతిలో విశ్లేషించి భద్రపరిచే యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే ఉమ్మడి కృషిలో పదమే మూలప్రమాణం. పదాల మధ్య సంబంధాలు గీస్తారు, పదం లోపలి సంగతులు లక్షణాలుగా రాసుకుంటారు, అంటుమాటలను అవసరమైతే విడదీస్తారు. కృష్ణమూర్తి, గ్విన్‌ల వ్యాకరణంలోని ఉదాహరణ వాక్యాలతో తయారైన తెలుగు సంచయం కూడా అందులో ఉంది. ఇలాంటి పనికి కూర్చున్నవారు మనం మొదట చూసిన వాక్యం దగ్గర ఏదో ఒకటి తేల్చుకోవాలి. ‘వస్తానన్నాడు’ను విడదీస్తే ‘వస్తాను’ అన్న ఉపవాక్యం, అందులోని ‘రేపు’ వాటి వాటి చోట్ల కనిపిస్తాయి. విడదీయకపోతే ‘రేపు’ వెళ్ళి ‘అన్నాడు’కే తగులుకుంటుంది, రేపటి మాట నిన్న అన్నట్టు తయారవుతుంది. ‘రాలేదు’ను ఒక పదంగా ఉంచితే అది క్రియకు ఒక రూపం. ‘రానే లేదు’ అని ఉన్నచోట రెండు పదాలు, వాటి మధ్య ఒక సంబంధం గీయాలి. అర్థం ఒకటే, నొక్కడమే తేడా, కాని గీసే బొమ్మలు రెండు.